గోడ అవతలి శోకాలు

ఫార్మింగ్టన్ హిల్స్‌లో మేము అద్దెకున్న టౌన్‌హౌస్‌కీ పక్కింటికీ మధ్య ఒకటే గోడ. ఆ పక్కింట్లో ఫిడేలు వాయించే ఆవిడ ఉండేది. యాభై దాటిన మనిషి. ఆవిడకో రాక్ బ్యాండ్ ఉంది. ఐర్లండ్ పల్లెల్లో తరతరాలుగా వాయించుకునే పాత పాటలు తీసుకుని, వాటికి ఎలక్ట్రిక్ గిటారూ డ్రమ్సూ జోడించి ఆల్బమ్‌లు చేస్తారు. మేము దిగిన వారంలోనే అప్పటిదాకా వచ్చిన రెండు ఆల్బమ్‌లూ నా ఫోన్‌కి పంపింది. రెండూ గంతులేయించేవే. మొదట ఫిడేలు ఒక్కటే బయలుదేరి అదే బాణీ తిప్పితిప్పి వాయిస్తుంది, మనం అలవాటు పడేలోగా డ్రమ్స్ వచ్చి మీద పడతాయి. మా ఆయన కార్‌లో అవే పెట్టుకుని తను పనిచేసే ప్లాంట్‌కి వెళ్లేవాడు.

ఆ చలికాలం నాకు ఏడో నెల. గర్భసంచిలో మాయ కిందికి ఉందని, రక్తం కనబడితే ప్రమాదమని చెప్పి, డాక్టర్ నన్ను పెద్దగా కదలొద్దంది. ఉద్యోగానికి సెలవు పెట్టి మేడమీద గదిలో పడుకునేదాన్ని. సరిగ్గా అప్పుడే పక్కింట్లో మూడో ఆల్బమ్ మొదలైంది.

ఈసారి గంతుల్లేవు. మధ్యాహ్నం పూట ఆవిడ గొంతు ఒక్కటే లేచేది. సన్నగా మొదలై, పైకెళ్లి, అక్కడ విరిగి, మెల్లగా కిందికి జారేది. మాటలు ఇంగ్లీషు కావు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా అదేమిటో నాకు మొదటిరోజే తెలిసిపోయింది. మా ఊళ్ల వైపు ఎవరైనా పోతే ఆడవాళ్లు శవం పక్కన కూర్చుని, పోయినవాళ్లను పిలుస్తూ శోకాలు తీస్తారు. ఇదీ అదే. చిన్నప్పుడు ఆ ఏడుపు వినబడితే చెవులు మూసుకుని పెరట్లోకి పారిపోయేదాన్ని. ఇప్పుడు పారిపోయే వీల్లేదు. లోపలికి వినబడకూడదని కడుపు మీద రెండు చేతులూ అడ్డం పెట్టుకునేదాన్ని.

"ఆవిడ ఎవరికోసం ఏడుస్తోంది?" అని మా ఆయన్ని అడిగాను.

"ఎవరికోసమూ కాదు, కొత్త ఆల్బమ్‌కి ప్రాక్టీస్ చేస్తోందంతే. హెడ్‌ఫోన్స్ పెట్టుకో."

"పెట్టుకున్నా వినిపిస్తోంది."

"సరే, నేను మాట్లాడతాలే."

మాట్లాడాడు. నా పరిస్థితి చెప్పి, ఎందుకైనా మంచిదని మా గరాజ్ తలుపు తెరిచే కోడ్ కూడా ఆవిడకి ఇచ్చి వచ్చాడు. మర్నాటి నుంచి ఆ పాట ఆగిపోయింది. గిటారు మాత్రం తక్కువ సౌండ్‌లో వినిపించేది. నాకు నెమ్మది చిక్కాల్సింది. చిక్కలేదు. ఇప్పుడు ధ్యాసంతా బిడ్డ కదలికల మీదే. కాసేపు కదలకపోతే చల్లటి నీళ్లు తాగి, పక్కకి తిరిగి ఎదురుచూసేదాన్ని.

ఒక మధ్యాహ్నం బాత్రూమ్‌కి వెళ్దామని లేచి నిలబడితే కాళ్ల వెంట వెచ్చగా కారింది. రక్తం. నొప్పి లేదు. లేకపోవడమే ఇంకా భయపెట్టింది. మా ఆయనకి ఫోన్ చేశాను, ఎత్తలేదు. అంబులెన్స్‌కి చేయబోతే ఫోన్ జారి మంచం కిందికి పోయింది. వంగితే ఇంకా కారుతుందేమోనని వంగలేదు. గోడ పట్టుకుని పిడికిలితో బాదాను.

అవతల గిటారు ఆగింది. కాసేపటికి మెట్ల మీద అడుగులు. ఆవిడ నన్ను చూసి, ఎడమవైపు తిప్పి పడుకోబెట్టి అంబులెన్స్‌కి ఫోన్ చేసింది. తనతో వచ్చిన డ్రమ్మర్‌ని కిందికి పంపి, అంబులెన్స్ వాళ్లు రావడానికి వాకిట్లో మంచు ఎత్తమంది. తర్వాత నేల మీద కూర్చుని నా చెయ్యి పట్టుకుంది. తీగలు నొక్కీ నొక్కీ ఆవిడ వేళ్ల చివర్లు కాయలు కాసి ఉన్నాయి.

"మీ పాట నా బిడ్డ కోసమే అనిపించింది," అన్నాను. ఇంగ్లీషు కూడా సరిగ్గా రాలేదు.

ఆవిడ నొచ్చుకోలేదు. "అవి మా అమ్మమ్మ ఊళ్లో పాడేవి. చావుని పిలవడానికి కాదు. ఇంటివాళ్లు ఒంటరిగా ఏడవకూడదని పక్కన కూర్చుని పాడేవాళ్లు."

"ఇప్పుడు పాడకండి."

"పాడను. ఇక్కడే ఉంటాను."

అంబులెన్స్ ముందు సీట్లో కూడా ఆవిడే కూర్చుంది. ఆస్పత్రిలో నర్సు నా కడుపు మీద బిడ్డ గుండె చప్పుడు కోసం చాలాసేపు వెతికింది. ఒకచోట దొరికింది, గబగబా పరిగెడుతున్నట్టు. కాసేపటికి మా ఆయన సేఫ్టీ బూట్లతోనే వచ్చాడు. "సారీ, ఫోన్ లాకర్‌లో ఉండిపోయింది," అని అదే మాట మళ్లీ మళ్లీ అన్నాడు.

రక్తం ఆగింది గానీ నన్ను ఇంటికి పంపలేదు. అక్కడే ఉంచి, నెలలు నిండకుండానే ఆపరేషన్ చేసి పాపను తీశారు. తనను గాజుపెట్టెలో పెట్టిన రోజుల్లోనే మూడో ఆల్బమ్ పూర్తయింది. ఆవిడ నాకు పంపుతూ, వినాలనిపిస్తేనే వినమంది. పాప దగ్గర వినలేక, కింద కాఫీ మెషిన్ పక్కన కూర్చుని విన్నాను. మొదట ఆ ఒంటరి గొంతే. అదే బాణీ రెండోసారి వచ్చేసరికి దానితో ఇంకొన్ని గొంతులు కలిశాయి, వాటి వెనక డ్రమ్స్ చాలా నెమ్మదిగా వచ్చాయి. భయం పోలేదు. కానీ అయిపోయేదాకా కూర్చోగలిగాను.

పాపను ఇంటికి తీసుకెళ్లేనాటికి రోడ్ల మీద మంచు లేదు. అయినా మా ఆయనతో, "హైవే ఎక్కకు," అన్నాను.

"లోపలి రోడ్లలో వెళ్తే గంట పడుతుంది."

"పట్టనీ."

వెనక సీట్లో పాప పక్కన కూర్చుని, ముక్కు కింద వేలు పెట్టి ఊపిరి చూస్తూ వచ్చాను. మెల్లగా పోతున్న మా వెనక కార్లవాళ్లు హారన్ కొడుతూనే ఉన్నారు.