బీరువాలోని అయిదు పేర్లు

తెలివైన పిల్లల్ని ఎలా గుర్తుపడతారో మా ఊరి హైస్కూల్లో కళ్ళారా చూశాను. బీరువా తలుపు తీస్తారు. పై అధికారులు తనిఖీకి వస్తే చూపించడానికి, చేతిరాత బాగున్న నోటు పుస్తకాలకు అట్టలు వేసి, ఎర్ర మార్జిన్లు కొట్టించి, కట్ట కట్టి అందులో దాస్తారు. పైనున్న అయిదు పుస్తకాల మీది పేర్లు కాగితం మీదికి ఎక్కిస్తారు. జిల్లా ప్రతిభా పరీక్షకు పిల్లలు సిద్ధం. ఈ ఘనకార్యానికి బీఈడీ చదవాలట.

నేను పదో తరగతి తప్పినవాణ్ణి. శ్రీకాకుళం రోడ్డు మీద ఆటో నడుపుతాను. బేరం లేనప్పుడల్లా మా శాఖా గ్రంథాలయంలో ఉంటాను. అక్కడున్న పుస్తకాలన్నీ చదివేశాను, కొన్నయితే రెండేసి సార్లు. బడి పేరెంట్స్ కమిటీలో నన్ను వేసుకున్నది మాత్రం అందుకు కాదు. పిలవగానే ఆటో వేసుకొచ్చి సంతకం పెడతానని.

ఆ బీరువాకెక్కని ఓ పిల్లని చూసింది గ్రంథాలయంలోనే. ఎనిమిదో తరగతి. తల్లి గంప నెత్తిన పెట్టుకుని చేపలమ్ముతుంది. ఓ రోజు నేను లెక్కల చిక్కుప్రశ్నల పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. దాని జవాబుల పేజీలు చెదలు తినేశాయి. ఒక కుళాయి తొట్టిని మూడు గంటల్లో నింపుతుంది, ఇంకోటి ఆరు గంటల్లో. రెండూ కలిపి విప్పితే ఎంతసేపు? అప్పటికి రెండు రోజులుగా దాంతో కుస్తీ పడుతున్నాను. పిల్ల నా భుజం మీదుగా చూసి, "రెండు గంటలు మావా" అంది.

"ఎలా సెప్పేసినావే?"

"రెండూ ఆరు గంటలు ఇప్పీసి వదిలీ. ఒకటి రెండు తొట్లు నింపుతాది, ఇంకోటి ఒక తొట్టి. మూడు తొట్లకి ఆరు గంటలైతే ఒకదానికెంత? మా అమ్మా పిన్నీ కలిసి సేపలేరినట్టే."

ఇలాంటి లెక్కే బడి పరీక్షలో వస్తే జవాబు ఒక్కటే రాసిందట. లెక్కల మాస్టారు సున్నా చుట్టి, పక్కన ఎర్ర సిరాతో "స్టెప్పులేవి?" అని రాశాడు.

జాబితా మీద సంతకానికి నన్ను పిలిచినప్పుడు అడిగాను, ఆ పిల్ల పేరేదని.

"జవాబులు కరెక్టేనండీ, పద్ధతే లేదు," అన్నాడు లెక్కల మాస్టారు. "పైగా ఆ పుస్తకం పెడితే బీరువా అంతా నీసు కంపు."

"ఎలా చేసిందో ఒక్కసారైనా అడిగారా?"

"అందరినీ అడుగుతూ కూర్చుంటే సిలబస్ ఎప్పుడవుద్దండీ?"

ఆయన మా గ్రంథాలయం గడప తొక్కగా నేనెప్పుడూ చూడలేదు. ఆయన చేతిలో ఎప్పుడూ ఒకటే గైడు. అందులో లేని దారిలో వచ్చిన జవాబు ఆయన దృష్టిలో దొంగతనం.

హెడ్మాస్టరు నవ్వుతూ కాగితం నా వైపు తిప్పాడు. "అయిదుగురికే అవకాశమండీ. చూడండి, మీ పాప పేరు కూడా వేసేం."

అయిదో పేరు. మా అమ్మాయి చేతిరాత అచ్చు గుద్దినట్టుంటుంది; లెక్కలంటే మాత్రం కడుపునొప్పి వస్తుంది. నా నోరు దేంతో మూయించాలో వాళ్ళు ముందే ఆలోచించి పెట్టుకున్నారు. పిల్లల తెలివి కనిపెట్టడంలో ఆ శ్రద్ధలో పావు వంతు కూడా పెట్టలేదు.

కలం తీసి ఆ పేరు కొట్టేసి, పైన చేపలమ్మే ఆమె కూతురి పేరు రాసి, సంతకం పెట్టాను.

"కన్నకూతురి పేరు కొట్టేస్తారేటండీ!" అన్నాడు హెడ్మాస్టరు. "కొట్టివేతలుంటే పైవాళ్ళు ఒప్పుకోరు."

"అయితే మళ్ళీ రాయించండి. మా అమ్మాయినే పిలవండి, రాత బాగుంటుంది."

నిజంగానే పిలిచారు. తన పేరు లేని జాబితా తనే రాసింది. ఇంటికొచ్చి నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ కోపం న్యాయమైనదే. అది తప్పేం చెయ్యలేదు, చక్కగా రాయడం తప్ప.

పరీక్ష రోజు ఆ పిల్లని నా ఆటోలోనే శ్రీకాకుళం తీసుకెళ్ళాను. నాగావళి వంతెన మీద వెనక నుంచి అడిగింది:

"మావా, ఆల్లు కూడా స్టెప్పులు అడుగుతారేటి?"

"అడగరే. నాలుగు జవాబులిస్తారు. సరైనదాని గడి నింపడమే."

సీటు అంచుకి జరిగి నా భుజం మీదుగా రోడ్డు వైపు చూసింది.

"అంతేనా! అయితే ఏగిరం పోనీ మావా."