రెండు సెకన్ల మెమరీ

దయ్యం అన్న మాట ఎవరి నోట విన్నా, ముందు ఎర్త్ వైరు చూసుకోమని చెప్పే మనిషిని నేను. అల్లూరులో ఆంప్లిఫయర్లు, మైకులు, ఎకో పెట్టెలు బాగుచేసుకుంటూ ఇరవై ఆరేళ్లు గడిపాను. స్పీకరులో ఎవరో ఏడుస్తున్నారని భయపడి తెచ్చిన సెట్లు నా బల్ల మీదికి చాలానే వచ్చాయి. ఒకదాంట్లో తుప్పు, ఒకదాంట్లో చచ్చిన బల్లి, మిగతావాటిలో ఉప్పు గాలి తినేసిన సోల్డరు అతుకులు. చర్చికి వెళ్తాను, ప్రార్థన చేస్తాను. చనిపోయినవాళ్లు లేచేది చివరి రోజున అని మాకు చెప్పారు కానీ, శుక్రవారం పొద్దున పదకొండింటికి నా షాపులో అని చెప్పలేదు.

ఆ శుక్రవారం వచ్చింది ఏసుదాసు. రొయ్యల గుంటల మీద పనిచేస్తాడు. అతని భార్య కరుణమ్మ సముద్రం ఒడ్డున వాళ్ల పల్లె చర్చిలో పాటలు పాడించేది. సెట్టు బాగుచేయడానికి వెళ్తే, చేపల పులుసుతో అన్నం తినకుండా నన్ను పంపేది కాదు.

చివరి రెండు నెలలూ ఆమెకు ఊపిరితిత్తులు చెడిపోయాయి. చర్చిదాకా నడవలేకపోయేది. ఇల్లు పక్కనే కాబట్టి మంచం దగ్గర మైకు పెట్టించుకుని, పడుకునే పాడేది. చర్చి ఎకో పెట్టె ఆమె తలాపునే ఉండేది. కరెంటును నమ్మలేక దాన్ని కారు బ్యాటరీకి తగిలించారు. ఆదివారం అక్కణ్ణుంచి చర్చి స్పీకరుకు వైరు లాగేవాళ్లు. ఆరాధన అయ్యాక వైరు చుట్టేసేవాళ్లు కానీ, పెట్టెను ఆపడం ఎవరికీ గుర్తుండేది కాదు.

బుధవారం మధ్యాహ్నం ఆమె చనిపోయింది. పక్కన ఎవరూ లేరు. ఈ పూటకు పనికి పోవద్దని పొద్దున ఆమె అడిగిందట. గుంటలో రొయ్యలు పడుతున్నారు, తను లేకుంటే కుదరదని ఏసుదాసు వెళ్లాడు. తిరిగొచ్చేసరికి ఆమె ఒళ్లు చల్లబడి ఉంది.

గురువారం సమాధి చేశారు. శుక్రవారం అతను మోపెడ్ మీద కాళ్ల మధ్య బ్యాటరీ పెట్టుకుని, దానికి తగిలించిన పెట్టెను ఒళ్లో పెట్టుకుని, దాన్నుంచి మైకు కూడా పీకకుండా నా షాపుకు వచ్చాడు. నేను అలవాటుగా స్విచ్చు మీద చెయ్యి వేయబోతే నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఆపొద్దన్నా. ఆమె ఊపిరి దీంట్లో ఉండాది."

సమాధి నుంచి ఇంటికి వచ్చి చూస్తే, ఆమె పాడేటప్పటిలాగే పెట్టె మీది పచ్చ లైటు పెరుగుతూ తగ్గుతూ ఉందట. హెడ్‌ఫోన్ పెట్టుకుంటే వినిపించిందట. బ్యాటరీ వైరు దూర్చే సాకెట్టు తుప్పుపట్టి ఊగుతోంది. పెట్టె ఆరిపోకుండా దాన్ని అతికించమని అతని కోరిక. నాకు జాలేసింది, కొంచెం విసుగూ వచ్చింది.

ముందు పెట్టె మూత విప్పి, బ్యాటరీ నుంచి నేరుగా లోపలికి ఇంకో వైరు అతికించాను. తర్వాత పెట్టెను షాపు స్పీకరుకు కలిపాను. వినిపించింది. బరువుగా, గరగరగా, ఆగి ఆగి వస్తున్న ఊపిరి. ఆ గరగర నాకు తెలుసు. మంచం పట్టే ముందు, చివరిసారి నాకు అన్నం వడ్డిస్తూ ఆమె అలాగే ఊపిరి తీసుకుంది.

ఇక్కడ ఆ పెట్టె సంగతి చెప్పాలి. మైకులోకి వెళ్లిన మాట కరెంటు అలగా లోపలికి వస్తుంది. ఒక చిప్పు ఆ అలను సెకనుకు వేలసార్లు కొలిచి అంకెలుగా మారుస్తుంది. ప్రాసెసరు ఆ అంకెలను మెమరీలో కాసేపు ఆపి మళ్లీ వదులుతుంది. అదే ఎకో. చివర ఇంకో చిప్పు అంకెలను తిరిగి కరెంటు అలగా మార్చి స్పీకరుకు ఇస్తుంది. ఈ పెట్టె మెమరీలో పట్టేది రెండు సెకన్ల శబ్దమే. కరెంటు పోతే అదీ పోతుంది.

మైకు వైపు చెమ్మ చేరి శబ్దం చేస్తోందని అనుకున్నాను. మొదటి చిప్పు నుంచి అంకెలు బయటికి వచ్చే సన్నటి లోహపు కాలును సోల్డరు కరిగించి పైకి లేపాను. ఇక మైకు దగ్గర గొంతు చించుకున్నా లోపలికి ఒక్క అంకె కూడా వెళ్లదు.

ఊపిరి ఆగలేదు.

అప్పుడు ఎకో నాబ్ చూశాను. చివరిదాకా తిప్పి ఉంది. అలా ఉంటే మెమరీలో ఉన్న శబ్దం చావకుండా తిరుగుతూనే ఉంటుంది. నాకు ప్రాణం లేచొచ్చింది. "ఇది ఆమె కాదు దాసూ. ఆమె ఊపిరి రెండు సెకన్లు లోపల చిక్కుకుని తిరుగుతోంది, అంతే" అన్నాను. కొంచెం గట్టిగానే అన్నాను.

"తిరిగేదైతే ఒకే మాదిరి ఉండాల గదన్నా. పొద్దున జోరుగా ఉన్నింది. ఇప్పుడు తగ్గతా ఉండాది."

వాచీ చూశాను. రెండు సెకన్ల మెమరీలో తిరిగేది ఖచ్చితంగా రెండు సెకన్లకోసారి రావాలి. నాలుగు సెకన్లకు వచ్చింది. తర్వాత అయిదుకు. తర్వాత ఏడుకు. ఏడు సెకన్లు ఏమీ వినిపించలేదంటే ఆ మెమరీలో ఉన్నవన్నీ సున్నాలే. మైకు వైపు దారి నేనే తీసేశాను. మరి ఎనిమిదో సెకనులో వచ్చిన ఊపిరి ఎక్కడి నుంచి వచ్చింది? ఏసుదాసుకు ఈ లెక్కలు తెలియవు. ఆ శబ్దం ఎటు పోతోందో మాత్రం నాకన్నా ముందే తెలుసు.

"అప్పుడు నేను లేను గదన్నా" అన్నాడు.

స్టూలు దగ్గరికి లాక్కుని మైకును రెండు చేతులా పట్టుకున్నాడు. ఆపాలనిపించి కూడా ఆపలేకపోయాను.

"మేయ్, నేనొచ్చేసినా. ఈడనే ఉండా."

స్పీకరులో చాలాసేపు ఏమీ లేదు. తర్వాత ఒక్క ఊపిరి వచ్చింది. గరగర లేదు. పాట ఎత్తుకునే ముందు ఆమె తీసుకునేంత నిండైన ఊపిరి. అది నెమ్మదిగా బయటికి పోయింది. పచ్చ లైటు దిగిపోయి మళ్లీ లేవలేదు. బ్యాటరీకి మీటరు పెట్టి చూశాను, పన్నెండు వోల్టులూ ఉన్నాయి.

అరగంట కూర్చున్నాం. "ఇంక తీసెయ్యన్నా" అని అతనే అన్నాడు. నా చెయ్యి రాలేదు. వైరు అతనే పీకి, మైకును తువ్వాల్లో చుట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ చిప్పు కాలును తిరిగి అతికించి, పెట్టెను నాలుగు రోజులు పరీక్షించాను. ఏ లోపమూ లేదు. ఇప్పుడది చర్చిలోనే ఉంది, ఎవరో పాడుతున్నారు. పెట్టె తనంతట తాను శబ్దం చేసిందనుకుందామని చాలాసార్లు చూశాను. ఎన్ని విధాలుగా ఆలోచించినా ఒక్కచోట ఆగిపోతాను. ఏసుదాసు మాట ఆమెకు చేరింది. ఆ మాట వెళ్లాల్సిన దారిని అంతకు పది నిమిషాల ముందు నా చేత్తో నేనే తెంపాను.