ముందే పెట్టిన కృతజ్ఞత కూడిక

మా వాళ్ళలో ఏదైనా మేలు జరిగితే ఇంట్లో కృతజ్ఞత కూడిక పెడతారు. పాస్టరుగారు వస్తారు. రెండు పాటలు, ఒక వాక్యం, ప్రార్థన, ఆ తర్వాత అందరికీ భోజనం. కాన్పు సుఖంగా అయినా, ఓడరేవు డాకులో ఉద్యోగం ఖాయమైనా, టైఫాయిడ్ తగ్గి పిల్ల లేచి తిరిగినా ఇదే వరస. మేలు జరిగాకే పెట్టాలన్నది ఎవరూ ఎవరికీ నేర్పక్కర్లేని సంగతి. మా అమ్మ మాత్రం జరగకముందే పెట్టేసింది. అందులో సగం తప్పు నాదే.

అప్పట్లో మేం హౌరాకి నది ఇవతల, డాకు దగ్గరున్న ఏక్‌బాల్‌పూర్‌లో ఒకే గదిలో ఉండేవాళ్ళం. నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి డాకులో ఓడల సరుకు దించే పనిలో కుదురుకున్నాడు. నేను చదువు గట్టెక్కి నర్సు ట్రైనింగుకి దరఖాస్తు పెట్టాను. ఇంటర్వ్యూలో మధ్యన కూర్చున్న ఆవిడ నా వంక చూసి నవ్వింది. హాస్టల్లో ఉండగలవా, అక్కడి వంట నీకు సయిస్తుందా అని కూడా అడిగింది. అంత మాట అడిగాక ఇంకేం కావాలి? ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే, దాదాపు వచ్చినట్టేనని అమ్మతో అన్నాను.

అమ్మ ఆ 'దాదాపు'ని చెవిన వేసుకోలేదు. వారం తిరిగేలోగా మేడ మీద టార్పాలిన్ కట్టించి, నలభై మందికి కోడికూర వండించింది. విశ్వాసమంటే కంటికి కనబడకముందే స్తోత్రం చెప్పడమని ఆమె వాదన. ఫలితాలు రానీ అని నాన్న ఒక్కసారి అన్నాడు. ఆయన విశ్వాసం ఎంత చిన్నదో అమ్మ ఆ పూటంతా చెబుతూనే ఉంది. పాస్టరుగారు కూడా కాస్త నసిగారు. అప్పటికే పొయ్యి మీద అన్నం ఉడుకుతుండటంతో వద్దనలేకపోయారు.

నేను ఆపి ఉండొచ్చు. ఆపలేదు. కొత్త చీర కట్టుకుని మధ్యలో మోకరించాను. పెద్దవాళ్ళు నా తల మీద చేతులుంచి ప్రార్థన చేస్తుంటే, కళ్ళు మూసుకుని తెల్ల యూనిఫారంలో నన్ను నేను చూసుకున్నాను. నాకు ఎంత హాయిగా ఉందో.

పది రోజులకి జాబితా పెట్టారు. పైనుంచి కిందికీ, కిందినుంచి పైకీ చదివాను. నా పేరు లేదు. వెయిటింగ్ లిస్టులోనూ లేదు. వయసు లెక్కన ఇంకొక్కసారి మాత్రమే దరఖాస్తు పెట్టుకోవచ్చు. పెట్టనని ఆ సాయంత్రమే తేల్చి చెప్పేశాను. ఆ దరఖాస్తుల మాట గాని, ప్రార్థనల మాట గాని ఇక నా దగ్గర ఎత్తొద్దని అమ్మ మీద అరిచాను.

సందులో నడవడం కష్టమైపోయింది. తెలియనివాళ్ళు ఎప్పుడు వెళ్తున్నావని అడిగేవారు. తెలిసినవాళ్ళు జాలిగా చూసేవారు. మొదటివాళ్ళే నయం. మా కోడికూర తిని అరిగించుకున్నవాళ్ళే, ఆ ఇంట్లో ఏదో లోపం ఉంటేనే దేవుడు చెయ్యి వెనక్కి తీసుకుంటాడని మాట్లాడుకున్నారని విన్నాను. అమ్మకీ ఆ మాట చేరే ఉంటుంది. అయినా ఆమె ఎప్పటిలాగే వాళ్ళందరినీ పలకరించేది. అది నాకు ఇంకా మంటగా ఉండేది.

అప్పటినుంచి నాకు కాలు నిలిచేది కాదు. రొట్టెలు చేస్తూ చేస్తూ పెనం మీద వదిలేసి గుమ్మంలోకి వచ్చేదాన్ని. పుస్తకం తెరిస్తే ఒక పేజీ దాటేది కాదు. అన్నిటికంటే ఆదివారం గండం. అమ్మ బైబిలు సంచిలో పెట్టుకుంటుండగా నేను చెప్పులు వేసుకుని బయటపడేదాన్ని. ఖిదిర్‌పూర్‌లో ట్రాము ఎక్కి, మైదానం దాటాక దిగి, నది ఒడ్డున బాబూఘాట్ దాకా నడిచేదాన్ని. లాంచీలో హౌరా వెళ్ళి, ప్లాట్‌ఫారం మీద మన వైపు వెళ్ళే మెయిలు ఎక్కుతున్నవాళ్ళని చూసి, మళ్ళీ లాంచీలో తిరిగి వచ్చేదాన్ని. ఒక్కోసారి దిగి, మళ్ళీ అదే లాంచీ ఎక్కేదాన్ని. ఖాళీ ఉన్నా కూర్చునేదాన్ని కాదు. రెయిలింగ్ పట్టుకుని నిలబడి దేవుడితో తగువు పెట్టుకునేదాన్ని. నీ పేరు చెప్పి ఆమె నలభై మందికి అన్నం పెట్టింది, నువ్వు ఆమెని నవ్వులపాలు చేశావు అని. ఆయన మీద కోపం, అమ్మ మీద అంతకంటే ఎక్కువ. నా మీద ఎంతో చెప్పక్కర్లేదు. విచిత్రమేమిటంటే, దేవుడు లేడనుకోవడం మాత్రం నా వల్ల కాలేదు. లేనివాడితో అంతసేపు ఎవరు పోట్లాడతారు?

ఇలా నాలుగు ఆదివారాలు గడిచాయి. అయిదో ఆదివారం మైదానంలో పెద్ద సభ. బస్సులన్నీ జనాన్ని తీసుకురావడానికి పోయాయి. ట్రాములు ఎక్కడికక్కడ ఆగాయి. ఎర్రజెండాలు పట్టుకున్న ఊరేగింపు రోడ్డంతా నిండిపోయింది. దాటి వెళ్దామని చూస్తే ఒకాయన, ఈరోజు ఇటు దారి లేదు దీదీ, అని బెంగాలీలో నవ్వుతూ చెప్పాడు. ఇంటికి పోయి ఆ గదిలో కూర్చోలేను. అటూ ఇటూ తిరిగి తిరిగి, మా ఆరాధన జరిగే చోటికే వచ్చి తేలాను. అదొక ప్రైమరీ స్కూలు. సెలవు రోజున ఒక గది మాకిచ్చేవారు. లోపలికి వెళ్ళే ఉద్దేశం లేదు. వరండాలో గోడ పక్కన నిలబడ్డాను.

లోపల సాక్ష్యాలు మొదలయ్యాయి. జరిగిన మేలు ఒక్కొక్కరూ లేచి చెబుతారు. చివర్లో దేవునికి స్తోత్రం అంటారు, అందరూ ఆమెన్ అంటారు. మేలు జరగనివాళ్ళు లేవరు. అది కూడా ఎవరూ నేర్పని సంగతే. ఇద్దరు చెప్పాక మూడో గొంతు వినిపించింది. అది మా అమ్మది.

"నాను తొందరపడ్డాను," అంది. "దేవుడు ఇయ్యకముందే ఇచ్చీసినాడని మీ అందరికీ సెప్పీసినాను. మా పాపకి సీటు రానేదు. ఆ తప్పు నాది. ఆయనదీ కాదు, పాపదీ కాదు. కానీ ఆ రోజు సెప్పిన స్తోత్రం ఎనక్కి తీసుకోను. ఇస్తేనే స్తోత్రం, ఇయ్యకపోతే నేదంటే అది బేరం అయిపోతాది."

అక్కడితో ఆగింది. దాన్ని ఎలా ముగించాలో ఆమెకి తెలియలేదు. ఇది సాక్ష్యమో కాదో, ఆమెన్ అనాలో వద్దో లోపలివాళ్ళకీ తెలియలేదు. పాస్టరుగారు కూడా గొంతు సవరించుకుని ఊరుకున్నారు. కిటికీలోంచి చూస్తే అమ్మ ముందు చాప మీద ఒక్కతే నిలబడి కొంగు నలుపుతోంది. ఆ కాసేపు నేను భరించలేకపోయాను. పాప తప్పు కాదని అందరి ముందూ చెప్పింది. 'దాదాపు' అన్నది నేనని ఆమెకి తెలుసు కదా. చెప్పులు విప్పాలన్న ధ్యాస కూడా లేకుండా లోపలికి వెళ్ళిపోయాను.

"సీటు వచ్చీసినట్టేనని అమ్మకి సెప్పింది నానే," అన్నాను. నా గొంతు నాకే కీచుగా వినిపించింది. "నాకు దేవుడి మీద కోపంగా ఉన్నాది. ఇక్కడికి రాకుండా నాలుగు వారాలు ఊరంతా తిరిగినాను. కోపం పోనేదు. ఆయన్ని ఒగ్గీసి ఇంకెక్కడికి పోవాలో తెలీక ఒచ్చినాను."

ఇప్పుడు గెంటేస్తారనే అనుకున్నాను. అమ్మ నా వైపు తిరగకుండానే, నేల చూస్తూ, ఆమెన్ అంది. వెనక వరసలో నాన్న అన్నాడు. ఆ తర్వాత గది అంతా అన్నది. చాలా గట్టిగా అన్నారు. మేలు జరగనివాళ్ళు అందులో ఎంతమంది ఉన్నారో అప్పుడు తెలిసింది. నాకు ఏడుపు ఆగలేదు. అమ్మ చాప మీద కొంచెం జరిగింది. నేను కూర్చున్నాను.

కోపం పోయిందని అబద్ధం చెప్పను. భయమూ పోలేదు. మరుసటి ఏడాది దరఖాస్తు నింపుతుంటే రెండుసార్లు పెన్ను పక్కన పడేశాను. మూడోసారి పూర్తిచేశాను. ఈసారి సీటు వచ్చింది, వార్డుల్లో ఏళ్ళ తరబడి పనిచేశాను. కానీ ఆ సంగతి తెలిసిన రోజు కంటే, కవరు పోస్టులో వేయడానికి వెళ్ళబోయిన పొద్దుటే నాకు బాగా గుర్తు. అమ్మ పిండి చేతులు తుడుచుకుని వచ్చి కవరు మీద చెయ్యి పెట్టింది. పెద్ద ప్రార్థన చేస్తుందని కాచుకుని ఉన్నాను.

"ప్రభువా, ఇస్తే ఇయ్యి," అంది. "ఇయ్యకపోయినా సరే, ఇది ఆదివారం నా పక్కన కూకోవాల."