సున్నంలోకి ఎముక

మొన్న నరసరావుపేట బస్టాండులో టీ తాగుతుంటే, పక్కన ఇద్దరు కుర్రాళ్లు క్రికెట్ మీద వాదులాడుకుంటూ, రేపటి ఆటలో మీకు సున్నంలోకి ఎముక కూడా మిగల్చమురా అని ఒకడంటే, రెండోవాడు పగలబడి నవ్వాడు. నేను మాత్రం సగం టీ వదిలేసి లేచాను.

మన ఈడువాళ్లకు ఆ మాట కొత్తదేం కాదు. చితకబాదుతానని బెదిరించడానికి మన నాన్నలూ అన్నారు, మాష్టర్లూ అన్నారు. నేను పిడుగురాళ్లలో కొత్తగా బడిపంతులుగా చేరిన రోజుల్లో, ఊళ్లో మూఢత్వమంతా ఒంటిచేత్తో కడిగేయాలన్న ఆవేశంలో, సాయంత్రాలు అరుగు మీద కూర్చుని వాడుక మాటల పుట్టుక కూడా విప్పి చెబుతుండేవాణ్ణి. పూర్వం ఎముకలు కాల్చి సున్నం చేసేవాళ్లనీ, ఈ మాట అందులోంచే వచ్చిందనీ, ఎక్కడా చదవకుండానే ఖాయం చేసేశాను. ప్రతివాణ్ణీ ఆధారమేదని నిలదీసే నన్ను ఆ రోజు ఎవరూ అడగలేదు. నన్ను నేనూ అడగలేదు.

అక్కడ మా పక్కింటి పిన్ని భర్త, నేను చేరకముందే, సున్నపు బట్టీలో పనికి పోయి, ఒకరోజు ఇక తిరిగి రాలేదు. బట్టీలో జారిపడ్డాడని కొందరు, ఎవతెనో వెంటేసుకుని కృష్ణ దాటాడని కొందరు. పిన్ని ఆ రెండో మాటనే పట్టుకుని బతికింది, ఎందుకంటే అందులో మనిషి ప్రాణాలతో ఉన్నాడు. బట్టీ చల్లారాక సున్నం తోడినవాళ్లు ఒక్క ఎముకా కనపడలేదన్నారు. ఆమె ధైర్యమంతా అదే.

నా అరుగు ఉపన్యాసం విన్న మర్నాడు, సున్నం రాసిన తమలపాకు నములుతూ పిన్ని వచ్చి అడిగింది.

"ఏం అబ్బాయ్, మనిషి బట్టీలో పడితే ఎముకలన్నా మిగలవంటావా?"

"మిగలవు పిన్నీ. కాలితే ఎముకైనా సున్నమే."

వాదం గెలిచినవాడి గొంతుతో అన్నాను. అడిగింది ఎవరో, ఎందుకో ఆలోచించలేదు. ఆమె వాకిట్లోకి వెళ్లి నోట్లో ఆకు ఊసేసి, నీళ్లు పుక్కిలించి వెళ్లిపోయింది. ఆనాటి నుంచి ఆకుకు సున్నం రాసుకోలేదు, ఇంటికి వెల్ల వేయనివ్వలేదు. వట్టి ఆకూ వక్కా నమిలేది. ఊరు ఆమెకు గాలి సోకిందంది. గాలీ ధూళీ లేవని ఊరూరా గొంతు చించుకున్న నేను, ఆ ఒక్కచోట నోరు మెదపలేదు.

చానా ఏళ్లకు, పిన్ని పోయాక, పాఠం కోసం ఏదో పుస్తకం తిరగేస్తుంటే తెలిసింది. ఎముక ఎంత కాలినా సున్నమైపోదట, తెల్లటి పెళుసు ముక్కలుగా మిగులుతుందట. పిన్ని ఆశకు ఆధారం ఉంది. లేనిది నా మాటకే.

దయ్యాలు లేవని ఇప్పటికీ వాదిస్తాను. ఆ మాట ఎలా పుట్టిందని అడిగితే మాత్రం తెలియదంటాను. ఇప్పుడు ఇళ్లకు వెల్ల పోయి రంగులొచ్చాయి, ఆకు వేసేవాళ్లూ తగ్గిపోయారు, మాటొక్కటే మిగిలి కుర్రాళ్ల నోళ్లలో నవ్వుగా తిరుగుతోంది. పెళ్లిళ్లలో ఎవరైనా ఆకు చుట్టి చేతికిస్తే, పక్కకు తిరిగి, విప్పి, సున్నం తుడిచేసి వేసుకుంటాను. నోరు పండదు.