గుర్రానికే చెప్పే డాక్టరమ్మ

మా పశువైద్యురాలు నెరిడా హాలమ్ గారు మనుషులతో మాట్లాడరు. ఏం చెప్పాలన్నా గుర్రానికే చెబుతారు. వారిక్ ఊళ్ళో ఆవిడ ఆసుపత్రి ముందుగదిలో కూర్చుని ఫోన్లెత్తడం నా పని. నాలుగు మాటలకే చెమటలు పట్టే నాకు అంతకన్నా మంచి యజమానురాలు దొరకదు.

“ఒళ్ళొచ్చేసింది తల్లీ, దాణా తగ్గించమని మీవాళ్ళకు చెప్పు,” అంటారు గుర్రంతో. పక్కనున్న ఆ ‘మీవాళ్ళు’ బుద్ధిగా తలూపుతారు.

ఒకసారి మేయరు గారు తన పందెపు గుర్రాన్ని తెచ్చి, “నేను మేయర్ని,” అన్నారు. ఆవిడ గుర్రం మెడ నిమిరి, “పాపం, ఇంట్లో కూడా ఇంతేనా?” అన్నారు.

ఓ ఉదయం కాలిన్ ట్రెలోర్ అనే ముసలాయన కుంటుతున్న తన గుర్రం బిషప్‌ను తెచ్చాడు. గిట్టపైన కీలు చుట్టూ ఎముక ఉంగరంలా పెరిగింది.

“ఇంక చాలు డాక్టర్. సూదేసి పంపించెయ్,” అన్నాడు. చెయ్యి మాత్రం గుర్రం జూలు వదల్లేదు.

ఆవిడ ఎక్స్‌రే తీసి గుర్రానికి చూపించారు.

“బిషప్పూ, అప్పుడే చావెందుకురా? కీల్లోకి మందెక్కిస్తా, నప్పే నాడా కొట్టిస్తా. ఎముక పూర్తిగా అతుక్కుపోతే నొప్పి చాలావరకు పోతుంది. రోజూ కాస్త నడిపించే మనిషుంటే చాలు.”

రోగం పని పూర్తి చేస్తే అదే వైద్యమన్నమాట!

కాలిన్ నేలకేసి చూశాడు. “నడిపించడానికి నాకు తీరికేదీ?”

ఆవిడ గుర్రం చెవి దగ్గరికి వంగారు.

“అన్నట్టు, నీ మోకాళ్ళలోనూ ఎముక పెరిగినట్టుందిరా. ఇందాక ట్రక్కు దిగడానికి తలుపు పట్టుకుని ఎంతసేపు వేలాడావు! టువూంబా పట్నంలో కీళ్ళ డాక్టరున్నాడు, వెళ్ళు. ఆయన సూదేసి పంపించెయ్యడులే. నీకు నయమయ్యేదాకా పొద్దున్నే నేనొచ్చి నడిపిస్తా.”

బిషప్ ట్రక్కు తలుపు పట్టుకుని దిగలేదు. దాని మోకాళ్ళు నున్నగా ఉన్నాయి. కాలిన్ మొహం ఎర్రబడింది.

నొప్పిగా ఉందా అని మా ఊళ్ళో మగాణ్ణి అడిగితే లేదనే అంటాడు. గుర్రాన్ని అడిగితే ఎవరి పరువూ పోదు. ఆవిడకు మనుషులంటే పడదని అన్నాళ్ళూ అనుకున్నాం, చూడండి!

కాలిన్ టోపీ నలుపుతూ గుర్రం వైపు తిరిగాడు.

“బిషప్, ఆవిడతో చెప్పు. టువూంబా వెళ్తాం. కానీ నాకు నాడాలు కొడతానంటే మాత్రం ఒప్పుకోను.”

ఆవిడ కూడా గుర్రం వైపే తిరిగారు.

“ముందు ఎక్స్‌రే చూద్దామని చెప్పరా.”