మామ మార్చి రాసిన ఆఖరి రంగం

మా మేనమామ పోయాడని పోయిన వారం సూరత్‌లోని నవాగామ్ నుంచి అత్త ఫోన్ చేసింది. పొద్దున డ్యూటీకి బయల్దేరుతూ గడప దగ్గరే కూలబడ్డాడట. "మీ మామ లేడే" అంది.

మామ ఖటోదరాలో సాంచాలు నడిపేవాడు. బట్ట నేసే ఆ యంత్రాల హోరుకు చెవులు మొద్దుబారి, ఎవరితోనైనా అరిచినట్టే మాట్లాడేవాడు. కూతురు రజిత దగ్గర మాత్రం ఆ గొంతు తగ్గిపోయేది. రజితకు ఆటిజం, మాటలు రావు. తలమీద ఎవరు చెయ్యి వేసినా ఓర్చుకోదు. మామ ఒక్కడే ఆమెకు జడ వేసేవాడు. "దాన్కి తొందర పనికిరాదే. మనకే తొందర" అనేవాడు చిక్కులు తీస్తూ.

బతుకుదెరువుకు సూరత్ వచ్చిన మన తెలుగు నేతవాళ్ల సభలకు నాటకాలు రాయడం ఆయనకు ఇష్టం. ఒకసారి రజితలాంటి పిల్ల కథే రాశాడు. ఆఖరి రంగంలో ఒక సాధువు చెయ్యి తగలగానే ఆ పిల్లకు నయమై గలగలా మాట్లాడుతుంది. జనం కళ్లు తుడుచుకుంటూ చప్పట్లు కొట్టారు.

వాళ్లలో మామ వాళ్ల గల్లీ ఆమె ఒకరు. ఆమె కొడుకూ రజితలాంటివాడే. కామ్‌రేజ్ ఊరి అవతల ఎవరో నయం చేస్తాడని విని పిల్లాణ్ణి తీసుకుపోయింది. వాడు పొట్ట నిండా వాతలతో తిరిగొచ్చాడు. పుండ్లు మానాయి కానీ, ఆ తర్వాత తల్లిని కూడా దగ్గరికి రానివ్వలేదు.

ఆమె మామ ఇంటికొచ్చి వాకిట్లో నిలబడింది.

"నువ్వే సూపెట్టినవ్ గద అన్నా, నయమైతదని. నమ్మిన."

మామ తినే కంచం ముందు నుంచి లేచిపోయాడు.

తర్వాత ఆఖరి రంగం మార్చి రాశాడు. అందులో సాధువు లేడు. పిల్లకు మాటలు రావు. తండ్రి అన్నం కలిపి ముద్దలు పెడుతుండగా తెర పడుతుంది. సభవాళ్లు ఒప్పుకోలేదు.

"గిట్లైతే ఎవలు సూస్తరు? ఆఖరికి పిల్ల మంచిగ గావాలె."

"నా బిడ్డ మంచిగనే ఉన్నది. ఖరాబైంది నేను రాసిందే" అన్నాడు మామ.

మార్చి రాసిన ఆ నాటకం స్టేజీ ఎక్కలేదు. ఆయన్ని మళ్లీ ఏదీ రాయమని ఎవరూ అడగలేదు. ఆదివారాలు మాత్రం ఆ పిల్లాడి ఇంటికి పోయి, వాడికి ఎడంగా గోడకానుకుని కాసేపు ఉండి వచ్చేవాడు. తల్లి తలుపు తీసేది. పలకరించేది కాదు.

నేను వెళ్లేసరికి మామను చాప మీద పడుకోబెట్టారు. ముసలమ్మలు రజితను ముందుకు తోస్తున్నారు.

"ఏడ్వు బిడ్డా, జర ఏడ్వు."

రజిత ఏడవలేదు. వట్టి నేల మీద ఆయన పక్కనే పడుకుని, ముఖం ఆయన వైపు తిప్పుకుంది. పాడె సిద్ధమైందని బయట నుంచి కేకేశారు. ఎవరో ఆమెను లేపబోతే అత్త చెయ్యి అడ్డం పెట్టింది.

"ఉండనియ్యుండ్రి."

అందరం గోడల వైపు జరిగి నిలబడ్డాం. రజిత ఊపిరికి మామ మీద కప్పిన తెల్లగుడ్డ అంచు కొద్దికొద్దిగా కదులుతోంది.