చక్రాలు వేలాడుతుండగా తీసిన కొలత

హనుమాన్ జంక్షన్ దగ్గర మాది టింకరింగ్ షెడ్డు. మామిడి లారీల సొట్టలు తీసీ తీసీ నా నడుం అరిగిపోయింది. నిరుడు వేసవిలో చాట్రాయి తోటల ఆసామి ఒకాయన తన తండ్రి నాటి రెండు సీట్ల స్పోర్ట్స్ కారు తెచ్చారు. కొత్తగా వేయించిన వెడల్పు టైర్లు బయటికి పొడుచుకొచ్చాయనీ, వాటిని కప్పేలా స్టీలు ఫ్లేర్లు, అంటే మడ్‌గార్డులకు అతికే వెడల్పు అంచులు, కావాలనీ అడిగారు.

కారును దిమ్మల మీద ఎత్తిపెట్టి, ఇరవై రోజులు రేకు కొట్టి, వంచి, వెల్డింగ్ చేశాను. చేతులు పైకి లేవడం మానేశాయి.

ఇచ్చే రోజు కారును దించి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాం. "మీరూ ఎక్కండి మేస్త్రీ" అన్నారాయన. ఇద్దరం బరువైనవాళ్లమే. నిమ్మకాయలు చితికాయి. రోడ్డెక్కి స్పీడ్ బ్రేకర్ దిగగానే వెనకాల ఢామ్మని పేలింది. కారు కుంగి, ఫ్లేరు అంచు టైరును కోసేసింది. బస్టాపులో జనం ఒకటే నవ్వు.

ఆయన దిగి చూసి, "కొలత ఎప్పుడు తీశారండీ?" అన్నారు.

"దిమ్మల మీద చక్రాలు వేలాడుతున్నప్పుడేనండీ."

"మనుషులు ఎక్కుతారనుకోలేదా?"

లారీల్లో టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య జానెడు ఖాళీ ఉంటుంది, బండి ఎంత కుంగినా తగలదు. ఆ అలవాటే నన్ను ముంచింది. తలెత్తలేక, ఫ్లేర్లన్నీ కోసి మళ్లీ మొదలుపెట్టాను.

ఇప్పుడు ఏ కారు చేసినా ముందు నేలకు దించుతాను. ఒక సీట్లో ఇసుక మూట వేసి, రెండో సీట్లో మా ఆవిడను కూర్చోమంటాను. పొద్దుటి నుంచి మామిడి యార్డులో నిలబడి కాయలు ఏరి వస్తుంది కదా, కూర్చోగానే కునుకు పట్టేస్తుంది. కొలత అయిపోయినా లేపబుద్ధి కాదు.